రెండు పండగల షిఫ్టు

డియర్‌బోర్న్, మిషిగన్
4 మే 2025, ఆదివారం

నా ఉత్తరాన్ని సగానికి నరికి అచ్చేశావు. నన్ను అడగలేదు. నరికానని చదివేవాళ్లకూ చెప్పలేదు. అందులో ఉన్న మనుషుల పేర్లు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా వేశావు.

ఈసారి "ప్రియమైన మామయ్యకు" అని రాయడానికి చెయ్యి రాలేదు. దోహాలో నాకు ఏడేళ్లప్పుడు ఓనమాల పుస్తకం పంపి, నెలకో ఉత్తరం రాయించి తెలుగు నేర్పినవాడివి నువ్వే. నేర్పినవాడికే ఇలా రాయాల్సి వచ్చింది.

ఏప్రిల్‌లో నేను ఏం రాశానో మళ్లీ రాస్తున్నాను. మీ 'పొటోమాక్ తెలుగు వాణి' పత్రిక చదివితే అది తెలిసే దారి లేదు కదా. మా బేకరీలో అరవై రెండు మందిమి. సగం మంది యెమెన్ వాళ్లు, సున్నీలు. అంతకు కాస్త తక్కువగా ఇరాక్, లెబనాన్ వాళ్లు, షియాలు. ఇటూ అటూ కాని అయిదారుగురిలో నేనొకదాన్ని. ట్రేల్లో బక్లావా మిఠాయి ముక్కలు కోసే బల్ల నాది. ఈ ఏడాది రంజాన్ పండగ సున్నీలకు మార్చి ముప్పై, ఆదివారం. షియాల పెద్దలు నెలవంకను కంటితో చూస్తే తప్ప ఒప్పుకోరు కాబట్టి వాళ్లకు సోమవారం. మేనేజర్ అందరికీ కలిపి ఒక్కరోజే సెలవన్నాడు. "మీకు చంద్రుడు ఒకడో ఇద్దరో తేల్చుకుని రండి" అని నవ్వాడు.

వాడు నవ్వి వెళ్లాక వీళ్లు కొట్టుకున్నారు. అది నిజమే, నేనే రాశాను. "మా రాజధాని సనాని హూతీల చేతిలో పెట్టింది మీ ఇరాన్ కాదా?" అని యెమెన్ సలీమ్ అరిచాడు. "ఇరాన్ నాదేంటి? వాళ్లతో యుద్ధంలోనే మా అన్న పోయాడు. నీ సౌదీ విమానాల సంగతి చెప్పు" అని ఇరాక్ హైదర్ అరిచాడు. "సౌదీ నాదేంటి? ఆ బాంబులు పడింది మా ఊళ్ల మీదే!" అని మళ్లీ సలీమ్. ఇద్దరూ ఎదుటివాడి నెత్తిన వాడిది కాని రాజుని కూచోబెట్టి తన్నుకున్నారు. ఒక ట్రే గాల్లోకి లేచింది. పిస్తాలన్నీ నేలపాలు.

నువ్వు అక్కడ ఆపేశావు. పైన 'పద్నాలుగు వందల ఏళ్ల పగ' అని పేరు పెట్టావు. రాసింది ఎవరంటే, 'ఒక ప్రత్యక్ష సాక్షి'.

ఆ తర్వాత రెండు పేజీలు ఉన్నాయి మామయ్యా. ఎవరి పక్కా కాదు కాబట్టి షిఫ్టులు నన్నే రాయమన్నారు. ఆదివారం సున్నీల పని షియాలు చేసేట్టు, సోమవారం షియాల పని సున్నీలు చేసేట్టు పిండి సంచి వెనక గీసిచ్చాను. ఆ ఆదివారమే మన ఉగాది. పచ్చడి తినకుండా పనికి పోయాను. రెండు రోజులూ ఒక్క మిఠాయి డబ్బా ఆలస్యం కాలేదు. సోమవారం షియాల్లో పెద్దావిడ ఉమ్ జాఫర్ తన పండగ మానుకుని గేటు దాకా వచ్చి, ఖర్జూరం కూరిన బిస్కెట్లు పనిచేస్తున్న యెమెన్ వాళ్లకు ఇచ్చి వెళ్లింది. ఆ బిస్కెట్లు తింటూనే సలీమ్ అన్నాడు: "మేనేజర్ ప్రమేయం లేకుండా ఈ రెండు రోజులూ మనమే నడిపాం. గమనించారా?" మాకు యూనియన్ కావాలని అడిగే కార్డు మీద మొదటి సంతకం ఆ పూటే పడింది. నలభై ఒక్క మంది పెట్టారు. యూనియన్ కావాలా వద్దా అన్న ఓటింగు జూన్ అయిదున.

ఇప్పుడేమైందో విను. ఆఫీసులో అకౌంట్స్ చూసే హర్షిత్ మన తెలుగువాడే. నీ పత్రిక ఇంటర్నెట్‌లో చదివి మేనేజర్‌కి చెప్పాడు. మంగళవారానికల్లా అది అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో, ఏ పత్రికలోదో చెప్పకుండా, బ్రేక్ రూమ్ గోడ మీద ఉంది. కింద పెద్ద అక్షరాలతో: "వీళ్లతోనా మీ యూనియన్?" లోపలి మాట బయటపెట్టింది ఎవరని యెమెన్ వాళ్లు హైదర్‌ని చూస్తున్నారు, హైదర్ మనుషులు సలీమ్‌ని చూస్తున్నారు. నన్ను ఎవరూ చూడటం లేదు. నేనూ నోరు విప్పలేదు. అదొక సిగ్గు.

నాకు కావలసింది రెండు. ఉత్తరం మొత్తం మీ వెబ్‌సైట్‌లో వేయాలి. "సగం కోసింది నేనే" అని ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి నాకు పంపాలి. మే పద్నాలుగుకి నా చేతిలో ఉండాలి.

అవని


హెర్న్‌డన్, వర్జీనియా
8 మే 2025

చిరంజీవి అవనికి, మీ మామయ్య కొండల్ రావు ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు గుండ్రంగా, ఒత్తులు ఎక్కడివక్కడ ఉన్నాయి. కోపంలో కూడా దస్తూరీ చెడలేదంటే నా కష్టం వృథా పోలేదు. మీ అత్తయ్య నాగమణి చదివి "పొల్ల గింత మండుతుందేంది" అంది. ఆవకాయ సీసా పంపుతోంది, మూత ఊడకుండా టేపు వేశాను.

నీ బాధ నాకు అర్థమైంది తల్లీ. నీ పేరు వేయకపోవడం నా తప్పే. ఆడపిల్లవి, పేరు ఎందుకని వెనకాడాను. వచ్చే సంచికలో 'గత నెల రచయిత్రి: మా మేనకోడలు అవని' అని ఫోటోతో సహా వేస్తాను. మీ అమ్మ నళినిని మంచి ఫోటో పంపమని అడిగాను. నువ్వు ఎంబ్రాయిడరీ ఉన్న పచ్చ చుడీదార్‌లో ఉన్నది.

కోసిన సంగతి అంటావా, నాకు రెండు పేజీలే ఇచ్చారు. అందులో అర పేజీ ఆష్‌బర్న్ ఇళ్ల ప్రకటనకి పోయింది. ఎడిటర్ అన్నాక ఏది ముఖ్యమో చూసుకోవాలి. బిస్కెట్లు ఎవరు తిన్నారన్నది పాఠకుడికి అంత ముఖ్యం కాదు.

అరబ్బుల గురించి నువ్వు నాకు చెప్పకు. 1990 ఆగస్టు రెండున నేను కువైట్‌లో ఉన్నాను. ఇరాన్ మీద ఎనిమిదేళ్ల యుద్ధానికి ఇరాక్‌కి అప్పులిచ్చింది కువైట్. అన్నదమ్ములమన్నారు. ఒక్క తెల్లవారుజామున ఆ అన్న వచ్చి తమ్ముణ్ని మింగేశాడు. ఇంకొన్ని నెలలకు అమెరికాని తిట్టే సిరియా పోయి అమెరికా పక్కన నిలబడింది. మా కంపెనీ యజమాని నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళంతో సహా పారిపోయాడు. ఆ పగలు, ఆ కౌగిలింతలు రెండూ నమ్మదగినవి కావని అప్పుడే తెలిసింది. వాళ్ల మధ్య ఇరుక్కుంటే నలిగేది మనం. నా పాఠకులకు అది చెప్పడం నా బాధ్యత.

యూనియన్ జోలికి పోకు. మనం వచ్చింది ఇందుకు కాదు. పదమూడేళ్లు కాగితాల వెంట తిరిగి మిమ్మల్ని స్పాన్సర్ చేసింది ఇందుకు కాదు.

ఇంకొక మాట. సూటిగా అడుగుతున్నాను. ఈ హైదర్ ఎవరు? నీ ప్రతి ఉత్తరంలో ఉంటున్నాడు.

దీవెనలతో,
మామయ్య


డియర్‌బోర్న్
12 మే 2025

నేను అడిగింది ఏంటి, నువ్వు పంపింది ఏంటి? సంతకం అడిగితే ఆవకాయ పంపావు. ఆవకాయ బాగుంది. అత్తయ్యకి చెప్పు.

నా ఫోటో వేశావంటే చూడు. పేరు వేయలేదని కాదు నా ఏడుపు. నాకు పేరు అక్కర్లేదు. వాళ్ల పేర్లు ఎందుకు వేశావన్నది ప్రశ్న. ఎవరూ కాని నన్ను దాచి, ఉద్యోగం పోతే దిక్కులేని వాళ్లని నడిబజార్లో నిలబెట్టావు.

హైదర్‌కి యాభై ఎనిమిదేళ్లు. షుగరు ఉంది. అయిదుగురు కూతుళ్లు, పెద్దమ్మాయి నాకంటే రెండేళ్లు పెద్ద. నీ అనుమానం విని నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. అమ్మ మాత్రం నవ్వలేదు. నువ్వు ఆమెకి ఫోన్ చేసి ఏం ఊదావో గానీ నిన్న పొద్దున నా గదిలోకి వచ్చి కూచుంది. "మామతోటి గట్ల మాట్లాడుతరానే? మనల్ని ఈడికి తెచ్చినోడు" అని మొదలుపెట్టి, అరగంట తర్వాత మెల్లగా "ఆ పిల్లగాడు ఏం పని చేస్తడు?" అంది. పిల్లగాడట!

నీకు కువైట్ ఉంది, ఒప్పుకుంటాను. నాకు దోహా ఉంది. 2017 జూన్ అయిదు. నాకు పదహారేళ్లు. నాన్న సౌదీలోని దమ్మామ్ నుంచి ఖతర్‌కి కూరగాయల లారీ తోలేవాడు. సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్ట్ నాలుగూ ఒక్క పొద్దుటే ఖతర్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. సరిహద్దులో సల్వా దగ్గర గేటు పడింది. నాన్న అటువైపు ఉండిపోయాడు. పదకొండు రోజులు లారీ కింద పడుకున్నాడు. లోపల టమాటాలు కుళ్లి నీళ్లై కారుతుంటే ఆ వాసనలోనే తిన్నాడు. ఇప్పుడు చెప్పు మామయ్యా. ఆ నాలుగింటినీ ఏలేది సున్నీలే. ఖతరూ సున్నీయే. ఖతర్‌కి తిండి విమానాల్లో పంపింది షియాల ఇరాన్. నీ పద్నాలుగు వందల ఏళ్ల పగ ఇందులో ఎక్కడుంది? మూడున్నరేళ్లకి రాజులు విమానం మెట్ల దగ్గర కౌగిలించుకున్నారు. ఇంకో రెండేళ్లకి సౌదీ, ఇరాన్ కూడా చేతులు కలిపాయి. నాన్న లారీ ఉద్యోగాన్ని మాత్రం ఎవరూ కౌగిలించుకోలేదు. ఇవన్నీ నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నేను కాలేజీకే పోలేదు. ఆ పదకొండు రోజులు నాన్న ఎందుకు రాలేదో తెలుసుకోవాలని లైబ్రరీలో కూచుని చదువుకున్నాను.

పగ లేదని అనను. ఉంది, చూశాను. కానీ అది గూట్లో దాచిన కత్తి లాంటిది. ఎప్పుడు తీయాలో పైన కూచున్నవాడికి తెలుసు. మా మేనేజర్‌కీ తెలుసు. తీసి చేతికిచ్చింది నువ్వు.

మరి మన తెలుగువాళ్ల సంగతో? ఈ ఏడాది ఇక్కడి ట్రాయ్ ఊరి చుట్టుపక్కల ఉగాది మూడు హాళ్లలో, మూడు వారాల్లో జరిగింది. మూడు సంఘాలు, మూడు కులాలు, ఒకే క్యాటరర్. అదే పులిహోర. మొన్నటి ఎన్నికలప్పుడు విడిపోయిన రెండు సంఘాలు సినిమా నటుడు వస్తున్నాడంటే మళ్లీ కలిశాయి. దాని మీద 'రెండు వేల ఏళ్ల పగ' అని రాస్తావా? రాస్తే నీకు అర పేజీ కూడా మిగల్చరు.

ఇక్కడ ఏడుగురు కార్డులు వెనక్కి అడిగారు. సలీమ్, హైదర్ ఒకే కారులో పనికొచ్చేవాళ్లు, ఇప్పుడు రెండు కార్లు. ఉమ్ జాఫర్ నాతో "చెప్పినవాడి నాలుక మీద ఉప్పు రాయాలి" అంది. నేను తలూపాను. నా నాలుకే అది.

ఎవరికీ ఫోన్ చెయ్యకు. ఎవరికీ ఏమీ రాయకు. ఆ ఒక్క కాగితం పంపు. పంతొమ్మిది దాకా చూస్తాను.

అవని


హెర్న్‌డన్
15 మే 2025

చి. అవనికి ఆశీస్సులు.

మీ నాన్న లక్ష్మీపతి బావ సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. లారీ కింద పడుకున్నట్టు నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పేవాడు కాదులే. చదివి కాసేపు బయట తిరిగి వచ్చాను.

హైదర్ గారి విషయంలో క్షమించు. నళినికి ఫోన్ చేసి చెప్పాను.

నీ ఇబ్బంది అంతా ఆలోచించి, కాగితం కంటే మంచి పనే చేశాను. పత్రికలో సవరణ వేస్తే మళ్లీ నలుగురి నోళ్లలో పడతావు. అసలు తాళం ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడగాలి. అందుకని నిన్న మీ మేనేజర్ గారికి నేరుగా ఒక విన్నపం రాశాను. మా రోజుల్లో ఎంత పెద్ద చిక్కైనా పై అధికారికి వినయంగా రాస్తే సగం తీరిపోయేది. ఆ వ్యాసం నా మేనకోడలు అవని నాకు రాసిన ఉత్తరమే అనీ, పిల్ల అమాయకురాలు అనీ, పండగ షిఫ్టులు రాసిచ్చింది కూడా మంచి మనసుతోనే తప్ప కంపెనీకి వ్యతిరేకంగా కాదనీ, ఎవరో పెద్దవాళ్లు యూనియన్‌లోకి లాగి ఉంటారనీ, దయచేసి ఆమె ఉద్యోగానికి హాని చేయవద్దనీ రాశాను. కాపీ జతచేశాను. ఇంగ్లిష్ చూడు, ఎక్కడా తొణకలేదు.

ఇక నిశ్చింతగా ఉండు.

నువ్వు రాజుల గురించి, మనుషుల గురించి వేరు చేసి రాశావు. బాగుంది. నా అనుభవంలో కూడా ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. కువైట్ నుంచి బస్రా మీదుగా నన్ను, ఇంకో నలుగురు తెలుగువాళ్లను బాగ్దాద్ దాకా తీసుకుపోయింది ఒక ఇరాకీ డ్రైవరే. పాస్‌పోర్టు లేని నన్ను సీటు వెనక దుప్పట్లో దాచాడు. చెక్‌పోస్టులో వాణ్ని చెంప మీద కొట్టారు కూడా. కానీ అది వేరే విషయం. ఒక మనిషి మంచివాడైనంత మాత్రాన చరిత్ర మారదు కదా.

దీవెనలతో,
మామయ్య


డియర్‌బోర్న్
20 మే 2025, మంగళవారం

నేను దాక్కున్న చోటు శత్రువుకి నువ్వే చూపించావు. అదీ తొణకని ఇంగ్లిష్‌లో.

నిన్న పొద్దున నన్ను ఆఫీసులోకి పిలిచారు. నీ విన్నపం బల్ల మీద ఉంది. "మీ అంకుల్ చాలా మర్యాదస్తుడు" అన్నాడు మేనేజర్. అనుమతి లేకుండా షిఫ్టులు రాసినందుకు మూడు రోజులు సస్పెన్షన్. తిరిగొచ్చాక బక్లావా బల్ల కాదు, ఫ్రీజర్ గదిలో పని. నేను అమాయకురాలినని రాశావు కదా. యూనియన్‌లోకి నన్ను ఎవరో లాగారని రాశావు కదా. ఆ మాట పట్టుకుని లాగింది సలీమా, హైదరా అని అడిగాడు. చెబితే ఫ్రీజర్ ఉండదన్నాడు. నేనే లాగానని చెప్పాను. పిండి సంచి మీద గీసింది నేనే, మొదటి కార్డు తెచ్చింది నేనే, వాళ్లిద్దరినీ లాగింది నేనే అన్నాను. అందులో కొంత అబద్ధం. ఫర్వాలేదు.

బయటికి వచ్చాక ఇంటికి పోలేదు. టీ టైమ్‌కి తిన్నగా బ్రేక్ రూమ్‌లోకి పోయాను. ఫోన్‌లో నా ఉత్తరం ఫోటో ఉంది. "గోడ మీదున్నది రాసింది నేను" అన్నాను. ఎవరూ కప్పు కింద పెట్టలేదు. మా మామయ్య కోసేసిన మిగతా సగం ఇంగ్లిష్‌లో చెప్పాను. అరబిక్‌లో చెప్పమని సలీమ్‌ని అడిగితే చెప్పలేదు. ఉమ్ జాఫర్ చెప్పింది. బిస్కెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగి, కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.

హైదర్ అన్నాడు: "మూడు వారాలు మమ్మల్ని ఒకరినొకరు దొంగల్లా చూసుకోనిచ్చావా, బిడ్డా?"

సలీమ్ అన్నాడు: "మీ మామ పత్రికవాడు. కోయడం వాడి వృత్తి. నువ్వు మాతో టీ తాగావు."

అప్పుడు నీ ఇరాకీ డ్రైవర్ కథ చెప్పాను. దుప్పటి, చెక్‌పోస్టు, చెంపదెబ్బ, అన్నీ. గది కాస్త మెత్తబడింది. "అరే, మీవాడు ఒకడు మంచివాడు కూడా ఉన్నాడన్నమాట" అని సలీమ్ హైదర్‌ని ఎత్తిపొడిచాడు. మూడు వారాల తర్వాత వాళ్లిద్దరి మధ్య అదే మొదటి మాట. కానీ హైదర్ నన్నే చూస్తూ అడిగాడు:

"ఆ డ్రైవర్ పేరేంటి?"

నాకు తెలియదన్నాను.

"చూశావా? తన్నుకున్న మా పేర్లు అచ్చులో ఉన్నాయి. కాపాడినవాడికి పేరే లేదు. పేరు లేని ఇరాకీని ఎవరైనా పుట్టించగలరు. కోసినవాడు వచ్చి చెప్పనీ, నమ్ముతాం."

కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు కూచున్నారు. కార్డు వెనక్కి అడిగిన ఏడుగురిలో ఇద్దరు కూచున్నవాళ్లలో ఉన్నారు. ఓటింగులో ఎటు పడతారో తెలియదు.

మామయ్యా, అది వేరే విషయం కాదు. ఇంతకాలం నువ్వు నాకు చెప్పిన కువైట్‌లో పారిపోయిన యజమాని ఉన్నాడు, మింగిన అన్న ఉన్నాడు, దుప్పట్లో దాచినవాడు లేడు. నా ఉత్తరాన్ని కోయడానికి ముందే నీ బతుకుని నువ్వు కోసుకున్నావు. పాఠకుడికి ముఖ్యం కాదని. ముప్పై అయిదేళ్లుగా నువ్వు అరబ్బులను తిట్టగలుగుతున్నావంటే, ఒక అరబ్బు నిన్ను సీటు వెనక దాచబట్టే. చరిత్ర మారదన్నావు. నీ చరిత్ర అక్కడే మారింది కదా!

గ్రీన్ కార్డు ఇప్పించావు, మర్చిపోను. అమ్మ పొద్దున్నే గుర్తు చేసింది, రేపూ చేస్తుంది. కానీ దానికి బదులు నా నోరు కుట్టుకోమంటే కుట్టుకోను. ఫ్రీజర్‌లో పని చేస్తాను. ఉద్యోగం పీకితే గేటు బయట నిలబడతాను. ఓడిపోతే మళ్లీ కార్డులు పట్టుకుని తిరుగుతాను. నువ్వు వచ్చినా రాకపోయినా ఈ మూడూ జరుగుతాయి.

ఇప్పుడు కాగితం వద్దు. కాగితాల రోజు పోయింది. జూన్ నాలుగు, బుధవారం, మధ్యాహ్నం రెండున్నరకి షిఫ్టు మారుతుంది. సలీమ్, హైదర్ ఇద్దరి మనుషులూ అప్పుడు గేటు దగ్గర ఉంటారు. మర్నాడు ఓటింగు. నువ్వు అక్కడికి రావాలి. కోటు వేసుకుని ఉపన్యాసం ఇవ్వడానికి కాదు. సలీమ్ ముందు, హైదర్ ముందు నిలబడి నీ నోటితో రెండు ముక్కలు చెప్పాలి: సగం కోసింది నేనే. కువైట్ నుంచి నన్ను దాటించింది ఫలానావాడు. పేరు గుర్తుంటే పేరు చెప్పు. మర్చిపోయి ఉంటే మర్చిపోయానని వాళ్ల ముందే ఒప్పుకో.

అమ్మకి ఫోన్ చెయ్యకు. మేనేజర్‌కి రాయకు. వస్తున్నావా లేదా, ఒక్క మాట, నీ దస్తూరీతో, మే ముప్పై శుక్రవారం సాయంత్రం అయిదులోపు నా ఉత్తరాల డబ్బాలో ఉండాలి.

అవని